గొలుసు కట్టని ద్రవం

నేను ఒక టైటానియం ముక్కను, బొటనవేలంత ఉంటాను. విశాఖలోని ఒక కళాశాల ప్రయోగశాలలో, అల్ట్రాసౌండ్ యంత్రం కడ్డీ చివర మరలతో బిగించి ఉండేదాన్ని; నన్ను టిప్పు అంటారు. ద్రవంలో మునిగి వణకడమే నా ఉద్యోగం. ఆ వణుకుకి సన్నని బుడగలు పుట్టి చితికిపోతాయి. చితికే చోట పుట్టే వేడికి విడివిడిగా ఉన్న అణువులు చేతులు కలిపి గొలుసు కడతాయి. నీళ్లలాంటిది గంజిలా చిక్కబడుతుంది. అదే పాలిమర్. నాది చెవికి వినబడని ధ్వని అని మనుషులు వ్యాసాల్లో రాస్తారు. నేను మొదలుపెట్టగానే చెవుల్లో దూది పెట్టుకుని వరండాలోకి పోతారు.

ఏళ్ల తరబడి వణికాను. ముఖమంతా గుంటలు పడ్డాయి. అలసట లోహానికీ తెలుస్తుంది.

ఆ ఏడు దసరా తర్వాత గొలుసు కట్టడం ఆగిపోయింది. పరిశోధన చేస్తున్న శశికళకి గడువు నెలాఖరే. ఈ పాలిమర్ రాకపోతే థీసిస్ లేదు. రోజూ నన్ను ముంచేది. రోజూ ద్రవం పలచగానే మిగిలేది.

"ఇంకా మజ్జిగ తేటేనా తల్లీ?" అన్నారు ఆమె గైడు సుందరరామం గారు, గుమ్మంలో నిలబడి.

"మజ్జిగైతే తాగైనా తాగొచ్చు సార్."

"ఆ ముసలి టిప్పు పని అయిపోయిందమ్మా. కొత్తది తెప్పించాగా, మార్చెయ్."

ఆయన వెళ్లాక ఆమె నన్ను విప్పింది. మరల సందుల్లో ఏదో పచ్చగా కనబడింది. గోటితో గీకి వాసన చూసింది. పసుపు.

దసరాకి యంత్రాలకి బొట్టు పెట్టడం అక్కడి ఆనవాయితీ. ఏటా సుందరరామం గారి భార్య వచ్చి, పెట్టె మీద వేలికొసతో ఒక్క చుక్క పెట్టి వెళ్లేవారు. ఆవిడ పోయాక ఈసారి ఆయనే పూనుకున్నారు. ఎక్కడ పెట్టాలో తెలియక నాకు నిండా పసుపు పూసి కుంకుమ అద్దారు. పైన తుడిచారు గాని సందుల్లోది మిగిలి, ముంచినప్పుడల్లా కొంచెం కొంచెంగా ద్రవంలోకి దిగింది. అణువు చెయ్యి చాచినప్పుడల్లా ఆ పసుపే పట్టుకుని, గొలుసును సాగనివ్వలేదు.

శశికళ నన్ను శుభ్రంగా కడిగి మళ్లీ బిగించింది. మధ్యాహ్నానికి ద్రవం చిక్కబడింది. గాజుకడ్డీతో ఎత్తితే తీగలా సాగింది. ఆమె బల్లకి ఆనుకుని కాసేపు కళ్లు మూసుకుంది. తర్వాత నన్ను విప్పి, కొత్త టిప్పు బిగించింది.

"వచ్చిందా!" అన్నారు లోపలికి వచ్చిన సుందరరామం గారు. "ఇన్నాళ్లూ దేనివల్ల ఆగిందమ్మా?"

ఆమె ఆయన చేతుల కేసి చూసింది.

"టిప్పే సార్. బాగా అరిగిపోయింది."

"నే చెప్పలా?" అని ఆయన నవ్వారు. ఆ గదిలో ఆ నవ్వు విని చాలాకాలమైంది.

ఇప్పుడు పాతసామాను డబ్బాలో, విరిగిన స్టాండ్ల మధ్య ఉన్నాను. ఆ తప్పు నా పేరు మీదే ఉంది. ఉండనీయండి. వణికే పని లేదు గనక, మోయడం కష్టమేమీ కాదు.