గుచ్చిన హెడ్‌ఫోను, మోగిన వరండా

నేను ఒక హెడ్‌ఫోన్‌ని. ఆ రోజు తప్పు నాది కాదు. శిక్ష మాత్రం నాకే పడింది. ఇందులో వాదించడానికేమీ లేదు.

రెండు గిన్నెలు, వాటికి మెత్తటి నల్ల దిండ్లు, బారెడు తీగ, చివర ఒక పిన్ను. నన్ను చేసినవాళ్లు నాకు నేర్పిన చదువు ఒక్కటే. బయటి మాట లోపలికి రాకూడదు, లోపలి మాట బయటికి పోకూడదు. మనుషుల్లో ఆమాత్రం చదువుకున్నవాణ్ణి నేనింకా చూడలేదు.

మొదట విజయవాడలో ఒక ఫోన్ల ఆఫీసులో రెండేళ్లు పనిచేశాను. తిట్లన్నీ విని "ధన్యవాదాలండీ" అనే అమ్మాయి తల మీద కూర్చునేవాణ్ణి. ఆ ఆఫీసు మూతపడ్డాక చేతులు మారి, ఇంకో ఊళ్లో బస్టాండు పక్క మేడ మీదున్న కుటుంబ సలహా కేంద్రానికి చేరాను. ఇక్కడ ఆడవాళ్లు తలుపులు మూసిన గదిలో తమ గోడు చెప్పుకుంటారు. వింధ్యావళి మేడమ్ దాన్ని రికార్డు చేస్తుంది. "నీ మాట ఈ గడప దాటదమ్మా" అంటుంది. ఆ తర్వాత టైపిస్టు దైవాదీనం నన్ను తలకు తగిలించుకుని, ఆ మాటలు విని టైపు కొడతాడు.

అతని లాప్‌టాప్ పాతది. దాన్ని నడిపించే లైనక్స్ అనే సాఫ్ట్‌వేర్ మాత్రం కొత్తగా వచ్చింది. వేసినవాడు వేసి వెళ్లిపోయాడు. ఎలా వాడాలో చెప్పాల్సినవాడు నేటికీ రాలేదు.

సామ్రాజ్యం అనే ఆమె భర్త దెబ్బలకు తాళలేక, కూతుర్ని తీసుకుని వేరే ఊరు వెళ్లిపోయింది. అక్కడ జిరాక్సు షాపులో పనికి కుదిరింది. ఆ ఊరి పేరు మేడమ్‌కి మాత్రమే చెప్పింది.

"ఆయనకి తెలిస్తే మళ్లీ వచ్చి పడతాడండీ. పిల్ల ఇప్పుడిప్పుడే నవ్వుతా బడికి పోతా ఉంది."

మర్నాడు పదకొండు గంటలకు ఆ భర్తను పిలిపించారు. వచ్చి వరండాలో బల్ల మీద కూర్చున్నాడు. సరిగ్గా అప్పుడే లోపల దైవాదీనం నా పిన్ను గుచ్చి, సామ్రాజ్యం చెప్పిన రికార్డు వినడానికి పెట్టాడు. లాప్‌టాప్ నన్ను పట్టించుకోలేదు. గొంతును తన స్పీకర్లకే పంపింది. నా దిండ్లలోంచి లీలగా దూరిన ఆ గొంతు నాలోంచే వస్తోందనుకున్నాడు దైవాదీనం.

"ఇదేంటి, మరీ నీరసంగా ఉంది" అని శబ్దం పెంచాడు. కాస్త బాగా వినబడింది. ఇంకా పెంచాడు. చివరిదాకా పెంచాడు. నా దిండ్లు అంత మంచివి కాకపోతే గది మోగుతున్న సంగతి తెలిసేదే. మంచి పనితనం ఇలా కూడా అక్కరకొస్తుంది. ఊరి పేరు వచ్చింది. వీధి పేరు వచ్చింది. షాపు ఎదురుగా ఏముందో కూడా వచ్చింది. దైవాదీనం ఒక్క అక్షరం పొల్లుపోకుండా టైపు చేశాడు. మంచి పనివాడు.

అటెండరు యాకోబు పరిగెత్తుకొచ్చి నన్ను అతని తల మీంచి లాగేశాడు.

"ఏందండీ దైవాదీనం గారూ, పెళ్లి మైకా ఇది? బజారు దాకా వినపడతంది!"

"చెవులకి పెట్టుకునే విన్నానయ్యా!"

అప్పటికే వరండాలో బల్ల ఖాళీగా ఉంది.

విచారణ జరిగింది. మేడమ్ నా పిన్నును ఊదింది, చీర చెంగుతో తుడిచింది. దైవాదీనం గుచ్చి తిప్పాడు, పీకి గుచ్చాడు, మళ్లీ తిప్పాడు. ఎడమ గిన్నెకు పోయే తీగ తెగింది. పుట్టిన నాటి నుంచి నాకు జతగా ఉన్న చెవి చచ్చిపోయింది. ఎవరూ పరామర్శించలేదు. "హెడ్‌ఫోను లోపం వల్ల" అని ఫైల్లో రాశారు. ఫైలుకు ఎవడో ఒక దోషి కావాలి. నోరు లేనివాడైతే మరీ మంచిది. నా మెడకు చీటీ కట్టి బీరువా పక్కనున్న అట్టపెట్టెలో పడేశారు.

నెల తిరక్కుండానే కొత్త హెడ్‌ఫోను వచ్చింది. దైవాదీనం దాన్నీ గుచ్చాడు. మళ్లీ ఎవరో ఆడమనిషి ఏడుపు గదంతా మోగింది.

తన కాగితాలు వెనక్కి తీసుకోవడానికి వచ్చిన సామ్రాజ్యం గుమ్మంలో ఆగిపోయింది. ఎడమ చేతికి కట్టు ఉంది. ఎవరినీ అడక్కుండా లోపలికొచ్చి తెర పైమూలన స్పీకరు బొమ్మ నొక్కింది. అక్కడ "స్పీకర్లు" అన్న మాట కిందే "హెడ్‌ఫోన్లు" అని ఉంది. దాన్ని నొక్కింది. గది నిశ్శబ్దమైంది.

"గుచ్చితే చాలదండీ. ఎటు పంపాలో దానికి చెప్పాలి. మా షాపులోదీ ఇదే రకం."

"ఓస్, ఇంతేనా!" అన్నాడు దైవాదీనం. "ఆ షాపులోనే ఉన్నావామ్మా?"

"ఎక్కడుంటానండీ? ఆయన వచ్చి వెళ్లాక ఊరు మారాం. పిల్ల బడి మానేసింది."

"ఇప్పుడు ఏ ఊరు?" అతని వేళ్లు అలవాటుగా మీటల మీదికి వెళ్లాయి.

"ఈసారి మీకు చెప్పను."

కాగితాలు తీసుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది.

ఫైల్లో దోషి మాత్రం మారలేదు. నేను ఒంటి చెవితో ఇంకా ఈ అట్టపెట్టెలోనే ఉన్నాను. ఆమె మొదట చెప్పిన ఊరు ఈ మేడ మీద అందరికీ తెలుసు. టీ తాగుతూ అప్పుడప్పుడు ఆ పేరు అనుకుంటూ ఉంటారు. నాకూ తెలుసు. నేను అనను. ఇంతవరకు చెప్పిందే ఎక్కువ. ఈ సంగతి ఇక నా దగ్గర ఎత్తకండి.