గాలి తూకం

రెండు క్యారియర్లనూ ఒకే చేత్తో పట్టుకుని ఆఫీసు మెట్లెక్కుతున్నాడు పెద్దల్లుడు. తనది పాతది. మూత సొట్టపోయి ఎప్పుడూ ఓ పక్కనుంచి పులుసు కారుతూ ఉంటుంది. రెండోది కొత్తది, నిగనిగలాడుతోంది. మూత బిగిస్తే గాలి కూడా చొరబడదు. అది తోడల్లుడి కోసం.

పొద్దున భార్య సర్దుతుంటే ఓరకంట చూశాడు. వేపుడు తన గిన్నెలో అడుగంటినట్టుంది, కొత్త గిన్నెలో గోపురం కట్టింది.

“వాడేమన్నా మూటలు మొయ్యడానికెళ్తున్నాడా?”

“మా మరిది అంత దూరం నుంచి వస్తున్నాడు పాపం. మీరు రోజూ తినేవారేగా!”

రోజూ తినేవాడు. తన బతుకంతా రెండు ముక్కల్లో తేల్చేసింది మహాతల్లి.

అత్తారింట్లో తనకు పెద్దల్లుడన్న పేరే తప్ప పెద్దరికం ఎన్నడూ దక్కలేదు. పడక్కుర్చీ చిన్నల్లుడిది. వాడో మాటంటే మామగారు నవ్వలేక పొలమారేవారు. ఈ టెలిఫోన్ కంపెనీలోకి వాణ్ణి చెయ్యి పట్టుకుని తెచ్చింది తను. తన బల్ల పక్కనే స్టూలు వేసి పని నేర్పిందీ తనే. వాడు స్టూలు మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి కంపెనీ కారులోకి మారి తూర్పు విభాగానికి మేనేజరై కూర్చున్నాడు. తను మాత్రం అదే బల్ల, అదే కిటికీ. కిటికీ అవతల అదే గోడ.

తన పని లైసెన్సుల విలువ చూడటం. ఫోనులో మాట గాలిలోంచి పోవాలంటే ఆ గాలి మీద హక్కు కొనుక్కోవాలి. ఆ హక్కే లైసెన్సు. యంత్రమైతే అరుగుతుంది, గోడైతే పెచ్చులూడుతుంది. లైసెన్సు అరగదు, తుప్పు పట్టదు. అందుకే ఏడాదికోసారి దాన్ని పరీక్షకు నిలబెట్టాలి. కౌలుకు తీసుకున్న తోట రాబోయే కాపుల్లో ఎంతిస్తుందో అంచనా కట్టి, అదంతా ఇవాళే చేతిలో పెడితే ఏమాత్రం చేస్తుందో చూసినట్టే ఇదీనూ. పుస్తకాల్లో రాసుకున్న విలువకన్నా తక్కువ తేలితే ఆ తేడాను నష్టం కింద కొట్టెయ్యాలి.

ఇదంతా ఓసారి అత్తారింట్లో భోజనాల దగ్గర ఓపిగ్గా చెప్పాడు. అందరూ శ్రద్ధగా వింటున్నారనుకునేలోపే చిన్నల్లుడు అందుకున్నాడు.

“అంటే అన్నయ్య గాలిని తూకం వేస్తారన్న మాట!”

ఇంటిల్లిపాదీ పగలబడి నవ్వారు. వాళ్ళలో తన భార్య కూడా ఉంది. అదే ఇప్పటికీ మింగుడుపడలేదు.

బూట్ల చప్పుడు వినిపించింది. చిన్నల్లుడు వచ్చి, ఏళ్ళ కిందట కూర్చున్న స్టూలునే లాక్కుని కూర్చున్నాడు. కాలరు మెడకు వదులుగా వేలాడుతోంది.

“వదిన ఏం పంపింది అన్నయ్యా? మీ వాటా కూడా నాకే పెట్టేసిందా?”

“పెట్టేసింది. ముందు కాయితాలు ఇలా తే.”

వాడు కాయితాలు బల్లమీద పెట్టాడు కాని, చెయ్యి వాటిమీంచి తియ్యలేదు.

“ఈసారి తూర్పు దెబ్బతింది. పక్క కంపెనీవాడు మన ఖాతాదారుల్ని ఊళ్ళకి ఊళ్ళే లాగేసుకున్నాడు. రాబడి బాగా తగ్గించే రాశాను. భయమంతా నేనే వేసేశాను, మీరు మళ్ళీ వెయ్యకండి. పరీక్ష తప్పితే మా ఆఫీసు ఎత్తేస్తారట.”

భయం ఒక్కచోటే వెయ్యాలి. ఆ స్టూలు మీద కూర్చోబెట్టి తను నేర్పిన మొదటి పాఠమది. రాబడి వస్తుందో రాదోనన్న అనుమానముంటే రాబడి అంకెను తగ్గించాలి, లేదా దాన్ని ఇవాళ్టి ఖరీదుకు దించే రేటును పెంచాలి. రెండూ చేస్తే ఒకే భయానికి రెండు కోతలు పడతాయి.

అయితే ఇన్నేళ్ళూ జరిగింది వేరు. ఏటా వీడు అంకెలు ఉబ్బించి తెచ్చేవాడు, తను తూర్పుకి మాత్రం రేటు పెంచి ఆ ఉబ్బు తీసేవాడు. ఇద్దరూ ఆ మాట పైకి ఎత్తేవారు కాదు.

ఉబ్బించే అలవాటున్నవాడు ఒక్క పూటలో సత్యసంధుడైపోతాడా, అనుకున్నాడు పెద్దల్లుడు. వాడు అటు వెళ్ళగానే రేటు ఎప్పటిలాగే పెంచాడు. ఎప్పటికన్నా ఇంకాస్త పైకే తోశాడు. తూర్పు లైసెన్సు పుస్తకాల విలువకన్నా కిందికి జారింది. ఒళ్ళంతా చల్లగా, హాయిగా అనిపించింది. వచ్చే పండక్కి పడక్కుర్చీ ఖాళీగా ఉంటుంది.

ఫైలు పట్టుకుని పెద్ద మేడమ్ గదికి వెళ్ళాడు. ఆర్థిక విభాగం మొత్తం ఆవిడ చేతికిందే.

“మీ తోడల్లుడు ఈసారి నిజం రాశాడండీ. తూర్పు నుంచి ఫోన్ల లెక్కలు నేనే తెప్పించి పోల్చి చూశాను. అయినా ఇంత కిందికి పోతుందనుకోలేదు.” పెన్ను చేతిలో పట్టుకుని తలెత్తింది. “మీ లెక్క సరిగ్గానే ఉందా?”

భయం రెండుసార్లు పడిందండీ. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. దానితోపాటే వేపుడు గోపురమూ, భోజనాల దగ్గరి నవ్వులూ వచ్చాయి.

“ఉందండి,” అన్నాడు.

మధ్యాహ్నం చిన్నల్లుడికి పిలుపొచ్చింది. బయటికొచ్చేటప్పుడు వాడి చేతిలో కారు తాళం లేదు. తిన్నగా బల్ల దగ్గరికొచ్చాడు. ఈసారి కూర్చోలేదు.

“రేటు కూడా పెంచారా అన్నయ్యా?”

“ఎప్పుడూ పెంచేదే కదా.”

“ఎప్పుడూ నేను అబద్ధం రాసేవాణ్ణి కదా.” నవ్వబోయి మానేశాడు. “మా ఆఫీసు ఎత్తేస్తున్నారు. ఇక్కడే ఏదో మూల కుర్చీ వేస్తామన్నారు. వద్దన్నాను. బస్సుకి టైమవుతోంది, వస్తాను. వదినకి చెప్పండి.”

“తిని వెళ్ళరా.”

“ఆకలి లేదు.”

మెట్లమీద బూట్ల చప్పుడు ఒక్కో అంతస్తూ దిగుతూ సన్నబడిపోయింది. సాయంత్రం అందరూ వెళ్ళాక పెద్దల్లుడు కంప్యూటరులో రేటు తగ్గించి చూశాడు. తూర్పు లైసెన్సు పైకి లేచింది. ఎక్కువేం కాదు, నీళ్ళలో మునిగినవాడు ముక్కు పైకి పెట్టినంత. మేడమ్ గదిలో లైటు ఇంకా వెలుగుతోంది. పది అడుగులు వేసి, ‘పొరపాటైందండీ’ అంటే చాలు. లేచి నిలబడ్డాడు కూడా. ఆ మాట అంటే మళ్ళీ వాడి కారు, వాడి కుర్చీ, వాడి నవ్వు. తనకేమో ‘లెక్క తప్పిన పెద్దల్లుడు’ అన్న పేరు. కూర్చుని, రేటును పెంచిన చోటికే పెంచి, కంప్యూటరు ఆపేశాడు.

మేడమ్ లైటు తీసేసి, “వెళ్ళరా ఇంకా?” అంటూ దాటి పోయింది.

ఇంటికెళ్తే భార్య మొదట అడిగేది మరిది తిన్నాడా అనే. పారబొయ్యడానికి ఇక్కడ చోటు లేదు. తను తినేద్దామన్నా ముద్ద దిగేట్టు లేదు. బల్లమీద తన సొట్ట క్యారియరు ఖాళీగా ఓ పక్కకు ఒరిగి ఉంది. దాని పక్కన కొత్తది, పొద్దున బిగించిన మూత బిగించినట్టే, పొద్దుటి బరువుతోనే కూర్చుని ఉంది.