హోటల్ దుప్పట్లు

మాంద్యం రాబోతోందని అందరూ చెప్పుకుంటున్న రోజుల్లో, లాండ్రీ నడిపే అక్కకు కంటి మీద కునుకు లేకుండా పోయింది. చేతిలో డబ్బు ఆడకపోతే జనం ముందుగా మానేసేది బట్టలు బయట ఉతికించుకోవడమేనని ఆమె భయం. సరిగ్గా అప్పుడే వీధి చివరి పెద్ద హోటల్ వాళ్లు కబురు పెట్టారు. తమ దుప్పట్లు, తువ్వాళ్లు అన్నీ ఆమెకే ఇస్తామన్నారు. మూడేళ్ల ఒప్పందం. ఆ మూడేళ్లూ ఆమె మరెవరి బట్టలూ ఉతకకూడదు. వ్యాన్ ఎప్పుడొచ్చినా తలుపు తీయాలి.

ఆమెతో కలిసి పనిచేసే చెల్లెలు ససేమిరా వద్దంది. ఇన్నేళ్లుగా వస్తున్నవాళ్లను ఏ మొహం పెట్టుకుని పొమ్మంటామని అడిగింది.

"ఇళ్లవాళ్లు ఎలాగూ మానేస్తారే. హోటల్ ఎక్కడికి పోతుంది?" అని అక్క సంతకం పెట్టేసింది.

మాంద్యం వచ్చింది. హోటల్ ఎక్కడికీ పోలేదు, అందులో దిగేవాళ్లే కరువయ్యారు. వ్యాన్ నిండుగా వచ్చే దుప్పట్లు రెండు మూటలకు దిగాయి. కనీసం ఇన్ని పంపుతామని ఒప్పందంలో ఎక్కడా లేదు. అడగాలని ఆమెకు తోచనూ లేదు. తనను వదిలేయమని మేనేజర్‌ను బతిమాలితే, ఆయన కాఫీ ఇప్పించి, మధ్యలో మానేస్తే కట్టాల్సిన నష్టపరిహారం సంగతి మర్యాదగా గుర్తుచేసి పంపాడు.

తీరా చూస్తే ఇళ్లవాళ్లు మానలేదు. ఇంట్లో పాడైన వాషింగ్ మెషీన్ల స్థానంలో కొత్తవి కొనలేక, ఇంకా ఎక్కువమంది సంచులు పట్టుకొచ్చారు. మెషీన్లు ఖాళీగా కనబడుతున్నా అక్క కాదనాల్సి వచ్చేది. ఒక ముసలాయన మొహమాటంగా నవ్వి, "పెద్దవాళ్లయిపోయారమ్మా" అని వెళ్లిపోయాడు.

చివరికి చెల్లెలు ఎదురుగా మూతపడ్డ వాచీల షాపు అద్దెకు తీసుకుని, రెండు పాత మెషీన్లతో సొంతంగా మొదలుపెట్టింది. నెల తిరక్కుండానే ఊపిరాడనంత పని. తన మనుషులంతా రోడ్డు దాటి అటు వెళ్లడం అక్క గాజు తలుపు వెనక కూర్చుని చూసేది. చెల్లెలి మీద కోపం తెచ్చుకుందామన్నా వచ్చేది కాదు.

ఒకరోజు చెల్లెలే వచ్చింది.

"ఇస్త్రీకి మనిషి కావాలక్కా. నిన్ను ఉతకొద్దన్నారు గానీ ఇస్త్రీ చేయొద్దనలేదుగా."

"వ్యాన్ వస్తే?"

"వస్తే పరిగెత్తు."

అలా అక్క చెల్లెలి దగ్గర పనికి చేరింది. మొదట్లో తలకొట్టేసినట్టుండేది. అయినా మడతపెట్టిన వెచ్చని చొక్కా ఎవరి చేతిలోనైనా పెడితే ప్రాణం లేచొచ్చేది. ఇంతలో హారన్ వినబడుతుంది. చెల్లెలు ఇస్త్రీపెట్టె అందుకుంటుంది. అక్క చెమట తుడుచుకుని, తాళాల కోసం తడుముకుంటూ రోడ్డు దాటుతుంది. ఒప్పందం ఇంకా రెండేళ్లుంది.