మెల్లకన్ను రాణి

తరిగొప్పుల సాంబయ్య పటం మీద పులిని గీస్తే మూడు ఊళ్ల కుక్కలు మొరిగేవంటారు. రెండు ఊళ్లే అనేవాళ్లు ఓర్వలేనివాళ్లు. అంతటివాడు పోయాక చూస్తే ఇంట్లో ఒక్క బొమ్మ మిగల్లేదు. ఆయన గీసిన పటాలన్నీ కథలు చెప్పేవాళ్లు మోసుకుపోయి, ఊరూరా విప్పి చూపి, చిరిగిపోయాక ఆచారం ప్రకారం వాగులో కలిపారు.

అందుకే చిట్యాల కథకుడు సమ్మయ్య చిరిగిన పటం చుట్టను చంకన పెట్టుకుని వచ్చాడని తెలియగానే, సాంబయ్య కూతురు అండాలు అత్తగారి ఊరు మొగుళ్లపల్లిలో బస్సెక్కి పుట్టింట్లో దిగింది.

"కొత్తది గీయి ఓదెలూ. దీన్ని వాగుల సాగనంపుత," అంటున్నాడు సమ్మయ్య ఆమె తమ్ముడితో.

"సాగనంపుడేంది కాకా! గది నాకియ్యి," అంది అండాలు.

అది అరవై తొమ్మిదిలో గీసిన పటం. తెలంగాణ ఉద్యమంతో ఆ యేడు బడులు మూతపడ్డాయి. అక్కాతమ్ముళ్లిద్దరూ తండ్రి పక్కనే కూర్చుని చింతగింజల బంక ఉడికించారు, రంగులు నూరారు, నూరినదానికంటే ఎక్కువ ఒంటికి పూసుకున్నారు.

"కండ్లు దిద్దినంక పటానికి పాణమొస్తది బిడ్డా. కథ చెప్పనోళ్ల ఇంట్ల ఉంటె ఉపాసముంటది," అన్నాడు సమ్మయ్య.

"గంతేనా? నేను చెప్త కథ."

అండాలు కొంగు బిగించి పటాన్ని వాకిట్లో పరిచింది. ఇరుగుపొరుగు మూగారు.

"గీ రాజు మీసాలు మా పంతులుయి. గీ గుర్రం మా ఓదెలు. గవదలు లేసి మూతి ఉబ్బినప్పుడు బాపు చూసి గీసిండు. గీ రాక్షసి నేను. రంగు గిన్నె తన్నిన్నాడే గీసిండు."

"మస్తు కలిసింది పో!" అన్నారెవరో. వాకిలంతా నవ్వులు.

"మరి రాణెవలు?"

అండాలు వేలు ఆగిపోయింది. రాణి ఎడమ కన్ను మెల్ల.

"మా అవ్వ యాదమ్మ, మమ్ముల కన్నతల్లి. ఫొటో అంటె మొఖానికి కొంగు కప్పుకునేది. బాపు ముంగట మాత్రం పొద్దంతా కూసున్నది. పటం గీసిన మల్లేడే పోయింది."

సమ్మయ్య కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "ఇన్నేండ్లు రాజుల కథని చెప్పుకుంట, మీ ఇంటినే భుజమ్మీద మోసుకతిరిగిన్నా! తీస్కపో తల్లీ. పాపముంటె నాకే తగుల్తది."

అండాలు చుట్టను గుండెలకు హత్తుకుంది. కాసేపటికి తల అడ్డంగా ఊపింది.

"నా పెట్టెల పెడ్తె అవ్వను ఎవలు చూస్తరు కాకా? ఊరూరా నువ్వే తిప్పు. కొత్త పటంల గీ మొఖాలే గీపిస్త. అందాక ఇది నాతాన ఉంటది."

కొత్త పటం పూర్తయిందని కబురొస్తే, అండాలు పాత చుట్టతో మళ్లీ వచ్చింది. సమ్మయ్య అప్పటికే వచ్చి ఉన్నాడు. పంతులు మీసాలు, ఉబ్బిన గుర్రం, రాక్షసి, అన్నీ కుదిరాయి. రాణి కళ్లు మాత్రం రెండూ చక్కగా ఉన్నాయి.

"అవ్వను గట్ల గీయ మనసు రాలే అక్కా," అని నసిగాడు ఓదెలు.

అండాలు వాడి చెవి మెలిపెట్టింది. "బాపుకన్న నువ్వు ఎక్కువ చూసినవారా అవ్వను? దిద్దు!"

ఓదెలు కుంచె అందుకున్నాడు. రాణి ఎడమ కంట్లో నల్లగుడ్డు ముక్కు వైపుకు జరిగింది. అప్పుడు గానీ అండాలు పాత చుట్టను వాగులో సాగనంపమని సమ్మయ్య చేతికివ్వలేదు.