తుఫాను చెమ్మలో అతికిన పలక

చిలకలూరిపేట దాటాక రోడ్డు వారనే శివపార్వతి ఇల్లు. పెరట్లో ఒకప్పుడు పత్తి బస్తాలు వేసుకునే రేకుల కొట్టం ఇప్పుడు ఆమె పనిచోటు. వీడియోలు చూసి, ఖరీదైన చెక్కలు పాడుచేసి, మొగుడి చేత తిట్లు తిని మరీ గిటారు చెయ్యడం నేర్చుకుంది. స్టీలు తీగలది కాదు, నైలాను తీగలతో వేళ్ళతో మీటేది. పక్కచెక్కల్ని తడిపి వేడి గొట్టం మీద వంచడం దగ్గర్నుంచి పాలిష్ దాకా అంతా ఆమె చేతులే. అమ్మిపెట్టేది మాత్రం భర్తకి అన్న, శివరామకృష్ణ. నోరున్నవాడు.

తుఫాను పట్టిన వారం ఆయన కొట్టంలోకి వచ్చాడు.

"ఏమ్మా పార్వతీ, పైపలక ఇంకా అతికించలా? గుంటూరు మ్యూజిక్ టీచరు స్తుతి గారు ఒకటే ఫోన్లు!"

"గాలంతా చెమ్మ బావగారూ. చెక్క ఉబ్బి ఉంది. ఇప్పుడు అతికిస్తే ఎండలకి ముడుచుకుని నిలువునా పగులుద్ది. కొన్నాళ్ళు ఆగండి."

"కల్లంలో మిరపకాయలా ఏంటి, ఆరబెట్టుకోడానికి! అతికించి పారెయ్. ఇదిగో చూడు, నా వీడియో ఎంతమంది చూశారో."

ఫోనులో ఆయన, ఆమె ఉలి పట్టుకుని ఆమె బల్ల ముందే నిలబడి, "రాత్రనక పగలనక నా చేతుల్తో చేస్తానండీ" అంటున్నాడు. వెనకాల సరేసు జిగురు ఉడకబెడుతున్న శివపార్వతి వీపు కనపడుతోంది. 'ఆవిడెవరండీ?' అని ఎవరో అడిగారు. 'పనిమనిషి' అని కింద ఆయనే రాశాడు.

శివపార్వతి ఆ మాట చదివి ఫోను తిరిగి ఇచ్చేసింది.

"సరే బావగారూ. రేపే అతికిస్తా."

అతికించింది. లోపలి బద్దల్ని వెంట్రుక సందు లేకుండా కూర్చింది. ఏ లోపమూ చెయ్యలేదు, చెమ్మ ఒక్కటే లోపల ఉంచి మూసేసింది. చలికాలమంతా గిటారు బ్రహ్మాండంగా పలికిందని స్తుతి గారు ఫోను చేస్తే బావగారు స్పీకరు పెట్టి ఇంటిల్లిపాదికీ వినిపించాడు. శివపార్వతి కూడా విని, చీపురు పట్టుకుని చెక్కపొట్టు ఊడ్చుకుంది. ఎండలు రానీ అనుకుంది.

రోహిణి కార్తెలో స్తుతి గారు ఆటో దిగారు. గిటారు పైపలక నిలువునా చీలి ఉంది.

"మీ చేతి పని కదండీ, మీరే బాగుచెయ్యాలి" అన్నారావిడ.

బావగారు వెంటనే గుమ్మంలో నిలబడ్డ శివపార్వతికేసి చూశాడు. "పార్వతీ, కాస్త..."

"అమ్మో, మీ చేతి పని మేం ముట్టుకుంటామా?" అంది శివపార్వతి.

ఆ చీలికలో అదే చెక్క పేడు సన్నగా చెక్కి పెట్టి నింపాలి. ఆయనకేం తెలుసు? మంచం కోడు అతికినట్టు బోలెడు జిగురు పోసి, క్లాంపు వేసి బిగించాడు. చీలిక మూసుకుంది. దాని పక్కనే ఠప్పుమని ఇంకోటి తెరుచుకుంది. శివపార్వతి గుమ్మంలోంచి కదల్లేదు.

"అసలిది చేసింది మీరేనా?" అన్నారు స్తుతి గారు.

"నేను కాదండీ! మా తమ్ముడి పెళ్ళాం చేసింది. పగులుకీ నాకూ సంబంధం లేదు!"

ఇన్నాళ్ళూ ఆ మాట కోసమే కాచుకుంది. తీరా వచ్చాక పగులు కూడా ఆమె ఒళ్ళోనే పడింది. కాదంటే మళ్ళీ పనిమనిషే.

"నేనే చేశానండీ" అంది శివపార్వతి. "పగులుద్దని తెలిసే చేశా. ఆయన నోటితో ఈ మాట అనిపించాలని."

స్తుతి గారు ఆమెని పైకీ కిందికీ చూశారు. "మధ్యలో నేనేం చేశానమ్మా మీకు?"

గిటారు బల్ల మీదే వదిలేసి ఆవిడ ఆటో ఎక్కి వెళ్ళిపోయారు.

"చాలిందా? ఈ ఊరూ ఆ ఊరూ చెబుతుంది ఆవిడ" అన్నాడు బావగారు పళ్ళు కొరుకుతూ. "ఇక మనింటి గిటారు ఎవడు కొంటాడు?"

"ఎవరూ కొనరు బావగారూ."

వంటింట్లోకి వెళ్ళి కంచం పెట్టుకుంది. తుఫాను రోజుల నుంచీ ఆమెకి ముద్ద సరిగ్గా దిగలేదు. ఆ పూట గోంగూర పచ్చడి వేసుకుని మారు అన్నం కూడా వడ్డించుకుంది.