గీత వచ్చేదాకా

మూడో ల్యాప్‌టాప్ అడుగుభాగానికి అరచెయ్యి ఆనించి చూశాడాయన. గోరువెచ్చగా ఉందంతే. ఇంకా కాగాలి. తెరమీద, యంత్రం కాగాలని ఆడించే రంగురంగుల బంతులు ఒకదాన్నొకటి గుద్దుకుని, చెదిరిపోయి, మళ్ళీ గుంపుగా మూగుతున్నాయి. పొద్దున్నుంచీ అవే బంతులు. పక్కనున్న మిగతా తెరల్లోనూ అవే. ఆయన ఒక్కో తెర మీద చూపు నిలిపి, కాసేపాగి, పక్కదానికి జరుపుతున్నాడు. చివరిదాకా వెళ్ళాక మళ్ళీ మొదటికొస్తున్నాడు.

సర్వీసు సెంటర్లో ఆయన్ని అందరూ చూపులాయన అంటారు. ఆయన పని చూడటమే. విప్పడం, బిగించడం, బోర్డు మార్చడం లోపలి గదిలో వాళ్ళ పని. ఈయన ఈ పొడుగాటి బల్ల ముందు, వీపు ఆనించే వీలైనా లేని ఎత్తుపీట మీద, నలిగి పల్చబడిన మెత్త ఒకటి వేసుకుని కూర్చుంటాడు. తెరమీద గీత పడేదాకా చూస్తాడు. పడితే ఫొటో తీస్తాడు. పడకపోతే యంత్రాన్ని మూసి, తుడిచి, తెచ్చినవాళ్ళకి తిరిగిచ్చేస్తాడు.

ఆ రకం ల్యాప్‌టాపుల్లో బొమ్మ చూపించే చిప్పు లోపంతో తయారైందని ఎప్పుడో బయటపడింది. వేడెక్కి చల్లారి, వేడెక్కి చల్లారి, కొన్నాళ్ళకి దాని కాళ్ళు బోర్డు మీంచి ఊడొస్తాయి. ముందు తెరమీద గీతలు పడతాయి. తర్వాత బొమ్మ ముక్కలవుతుంది. ఆ తర్వాత అంతా నలుపే. వారంటీ అయిపోయినా సరే, బోర్డు ఉచితంగా మారుస్తామని కంపెనీ ఒప్పుకుంది. ఒప్పుకుంటూనే ఒక మెలిక పెట్టింది. ఇంట్లో గీతలు వచ్చాయంటే కుదరదు, సర్వీసు సెంటరు బల్లమీద, వాళ్ళ మనిషి కళ్ళముందు రావాలి. అందుకు పెట్టిన గడువు ఈ సాయంత్రంతో సరి.

అందుకే బల్ల ముందున్న అద్దానికి అవతల అంత జనం. కొందరు సంచుల్లో, కొందరు చంకలో, ఒకాయనైతే పసిపిల్లని స్నానం చేయించి తెచ్చినట్టు టవల్లో చుట్టి తెచ్చాడు. నల్లకోటు చేతిమీద వేసుకున్న వకీలొకాయన అద్దం దగ్గరికొచ్చి, కింద ఉన్న సందులోంచి మాట్లాడాడు.

"వచ్చాయా?"

"ఇంకా లేదండి."

"ఇంట్లో రోజూ వస్తాయండీ బాబూ. ఇక్కడికి తెచ్చేసరికి అత్తగారి ముందు కొత్తకోడల్లా ఎంత ఒద్దికగా కూర్చుందో చూడండి."

వెనకాల నలుగురు నవ్వారు. టవలాయన మాత్రం నవ్వలేదు. "నాకొకటి అర్థం కావట్లేదండి," అన్నాడు, ఎవర్నీ కాకుండా అందర్నీ కలిపి అడుగుతున్నట్టు. "మాది ఇంకా బాగానే ఉంది. కానీ ఆ రకమే. ఇవాళ చెడితే ఉచితం, రేపు చెడితే నా ఖర్మ. ఇంతకీ ఇది చెడిపోవాలని కోరుకోవాలా, బాగుండాలని కోరుకోవాలా?"

చూపులాయన సీసా తీసి కళ్ళలో చుక్కలు వేసుకున్నాడు. రెప్పలు మూస్తే చీకట్లో కూడా సన్నటి గీతలు ఊగుతూ కనిపిస్తాయాయనకి. ఎప్పుడు మొదలైందో గుర్తులేదు. కళ్ళ డాక్టరు దీపం వేసి చూసి, కళ్ళు ఎండిపోయాయి, పని మార్చుకోండి అంది. ఈ వయసులో మార్చుకునే పని ఎక్కడుందో ఆవిడా చెప్పలేదు, ఈయనా అడగలేదు.

చూడటం తప్ప ఇంకో పని చేసి ఎరగడు. కుర్రతనంలో టీవీల ఫ్యాక్టరీలో చేరాడు. బరువైన పాత టీవీలు పట్టామీద ఒకదాని వెనక ఒకటి కదిలొస్తుంటే, ప్రతిదాంట్లో బొమ్మ సరిగ్గా ఉందో లేదో చూసి పంపాలి. వెనకవైపు వరసలో తీగలు అతికే అమ్మాయి ఉండేది. తల తిప్పి చూస్తే ఫోర్‌మన్ ఊరుకోడు. ఇంకా వెలిగించని టీవీ ముందుకొచ్చినప్పుడల్లా ఆ నల్లటి గాజులో వెనకనున్న ఆ పిల్ల చిన్నగా, వంకరగా, బుగ్గలు ఉబ్బి కనబడేది. అలా చాన్నాళ్ళు చూశాడు. ఒకరోజు గాజులోంచే ఆ పిల్ల నాలుక బయటపెట్టి వెక్కిరించింది. ఆమెనే పెళ్ళాడాడు. "నన్ను తిన్నగా చూసుంటే చేసుకునేవారు కాదు" అని ఆవిడ ఇప్పటికీ అంటుంది. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆవిడ ఇంటి దగ్గర కర్టెన్లు కుట్టడం మొదలెట్టింది. ఈయన అక్కడా ఇక్కడా తిరిగి, చివరికి ఈ బల్ల దగ్గర తేలాడు. పిల్లలు లేరు. ఉంటే బాగుండునని మొదట్లో అనుకునేవాళ్ళు. తర్వాత ఆ ఊసు ఎవరూ ఎత్తలేదు.

మధ్యాహ్నానికి జనం పల్చబడ్డారు. గీతలు వచ్చినవాళ్ళు పండగలా వెళ్ళారు. తమ యంత్రం తమ కళ్ళముందే చచ్చిందని ఇంత సంతోషపడే మనుషుల్ని ఇంకెక్కడా చూడం అనుకుంటాడాయన. వకీలు యంత్రానికి ఏమీ కాలేదు.

"పోనీలెండి, బాగున్నట్టేగా," అన్నాడు వకీలు సంచిలో పెట్టుకుంటూ.

"బాగున్నట్టేనండి."

ఇద్దరిలో ఎవరూ ఆ మాట నమ్మలేదు.

అప్పుడు చూశాడు చూపులాయన, గోడకి ఆనుకుని నిలబడిన ఆవిణ్ణి. పొద్దున తలుపులు తీసినప్పుడే వచ్చినావిడ. కుర్చీలన్నీ ఖాళీ అయ్యాయి, అయినా నిలబడే ఉంది. ఒక కాలు మీంచి ఇంకో కాలు మీదకి బరువు మార్చుకుంటోంది. ఆమె ల్యాప్‌టాప్ బల్లమీద చివరిది. ఇంతకుముందు రెండుసార్లు తెచ్చింది. రెండుసార్లూ బంతులు చక్కగా ఎగిరాయి. ఇవాళా ఎగురుతూనే ఉన్నాయి.

"కూర్చోండమ్మా," అన్నాడు సందులోంచి.

"కూర్చోలేనండి."

"కుర్చీలు ఖాళీయేగా."

"అది కాదు. నడుము. మెట్లమీంచి పడ్డాను. నిలబడాలి, లేకపోతే పడుకోవాలి. కూర్చోడం మాత్రం నావల్ల కాదు."

ఆయన తెరకేసి చూశాడు. మళ్ళీ ఆవిడకేసి చూశాడు.

"మరి దీంతో పనెలా చేస్తారు?"

"పడుకుని. డాక్టర్లు చెప్పింది విని టైపు కొట్టే పని నాది. మంచం మీద బోర్లా పడుకుని, దీన్ని దిండు మీద పెట్టుకుంటాను." కాస్త ఆగింది. "ఇది పోతే నాకు వేరే పని లేదండి. బయటికెళ్ళి చేసేది ఏదైనా ముందు కూర్చోమంటారు."

ఆయన పీటమీంచి లేచాడు. మోకాళ్ళు పట్టేసి, బల్ల అంచు పట్టుకుంటే గానీ నిలబడలేకపోయాడు. కిందనున్న మెత్తని తీసి, దులిపి, ఆవిడ ల్యాప్‌టాప్ ఎత్తి దాని కింద పెట్టాడు. యంత్రం మెత్తలోకి కొంచెం దిగింది. గాలిపోయే కంతలు గుడ్డలో కూరుకుపోయాయి. ఆయన గట్టి చెక్కపీట మీద మళ్ళీ కూర్చున్నాడు.

లోపలి ఫ్యాను ముందు మామూలుగా తిరిగింది. తర్వాత గొంతు పెంచింది. ఆవిడ గోడ వదిలి అద్దం దగ్గరికొచ్చింది. ఇద్దరూ చెరో వైపు నుంచి ఆ బంతుల్నే చూస్తున్నారు. బయట రోడ్డు మీద బస్సొకటి హారను కొట్టుకుంటూ పోయింది. ఫ్యాను ఇప్పుడు ఆయాసపడుతోంది.

తెర పైమూల ఒక వెంట్రుక ఊగినట్టయింది. కళ్ళలోని గీతేమోనని ఆయన రెప్పలు గట్టిగా మూసి తెరిచాడు. వెంట్రుక అక్కడే ఉంది. దాని పక్కన ఇంకోటి వచ్చింది. చీపురుపుల్లల్లా నాలుగైదు నిలువునా దిగాయి. బంతులు పెచ్చులు పెచ్చులుగా విరిగి, ఉన్నచోటే ఆగిపోయాయి.

"వచ్చాయి!" అందావిడ. రెండు చేతులూ అద్దానికి ఆనించింది. "ఇవేనండీ, ఇవే! అమ్మయ్య!" ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు.

ఆ కేకకి సూపర్‌వైజరమ్మ తన గదిలోంచి వచ్చింది. ఆయనకి కూతురుంటే అంత వయసుండేది. పొద్దున్నుంచీ ఫోన్లలో తిట్లు తిని తిని ముఖం పీక్కుపోయింది. తెరని చూసింది, తెర కిందనున్నదీ చూసింది.

"మెత్తమీద పెట్టారా?"

"పెట్టానమ్మా."

"గట్టి బల్లమీదే పెట్టాలి కదండీ. మెత్తమీద వాడకూడదని కంపెనీవాళ్ళ పుస్తకంలోనే ఉంది."

"ఉంది. ఈవిడ నడుము దెబ్బతిని కూర్చోలేదు. ఇంట్లో దిండుమీదే పెట్టుకుంటుంది."

"ఆ కారణం చెబితే వాళ్ళు అసలే ఇవ్వరు."

"ఇవ్వరు. కానీ చిప్పుని తయారుచేసింది మెత్త కాదుగా. చిప్పులో లోపం లేకపోతే, ఎంత కాగినా యంత్రం ఆరిపోయి ఊరుకునేది. గీతలు రావు." అంత పొడుగు మాట ఆయన నోట ఎప్పుడూ వినలేదామె.

సూపర్‌వైజరమ్మ అద్దంలోంచి ఆవిడకేసి చూసింది. ఆవిడ చేతులు ఇంకా అద్దానికే ఉన్నాయి, నడుము ఒక పక్కకి ఒరిగి ఉంది.

"ఫొటోలో తెర ఒక్కటే రానివ్వండి," అంది సూపర్‌వైజరమ్మ మెల్లగా. "కింద ఏముందో పడకూడదు."

ఆయన అలాగే తీశాడు. ఆవిడ బోర్డు మార్చడానికి పేరు రాసుకున్నారు. వెళ్ళేముందు ఆవిడ సందు దగ్గరికి వంగబోయి, వంగలేక, నిలబడే అంది: "మీ మేలు మర్చిపోనండి."

"జాగ్రత్తమ్మా, గుమ్మం దగ్గర మెట్టుంది," అన్నాడాయన.

టవలాయన యంత్రానికి చివరిదాకా ఏమీ రాలేదు. దాన్ని మళ్ళీ టవల్లో చుట్టుకుని వెళ్ళిపోయాడు. బయటి తలుపుకి గడియ పడింది. చూపులాయన ఒక్కో యంత్రాన్నీ ఆర్పి, మెత్తటి గుడ్డతో తెరలు తుడుస్తున్నాడు. సూపర్‌వైజరమ్మ వచ్చి బల్ల చివర నిలబడింది. ఖాళీ టీ కప్పుని అటూ ఇటూ తిప్పుతోంది.

"బాబాయ్ గారూ," అంది. ఎప్పుడూ అలా పిలవలేదు.

ఆయన తుడవడం ఆపలేదు. "చెప్పమ్మా."

"గడువు అయిపోయింది కదా. ఇక ఈ బల్ల ఉండదట. పైనుంచి మాటొచ్చింది. ప్రింటర్ల వైపు వేయమని మీ కోసం అడిగాను. ఇప్పుడు ఖాళీ లేదన్నారు. మళ్ళీ అడుగుతాను..."

"తెలుసమ్మా. ఆ గడువు రాసిపెట్టిన కాగితం గోడకంటించింది నేనేగా."

ఆమె నవ్వబోయి, నవ్వలేకపోయింది. "రేపటి నుంచి మరి..."

"అడిగావుగా. చాలు. నువ్విక ఇంటికెళ్ళు, పొద్దున్నుంచీ ఏమీ తిన్నట్టు లేవు."

ఆమె లైట్లు ఆర్పడం మర్చిపోవద్దని చెప్పి వెళ్ళింది. ఎప్పుడూ మర్చిపోడని ఆమెకీ తెలుసు. ఆయన ఇంటికి ఫోన్ చేశాడు. అవతల కుట్టుమిషను చప్పుడు ఆగింది.

"ఇవాళ్టితో ఈ పని సరి," అన్నాడు.

"కళ్ళెలా ఉన్నాయి?" అంది భార్య.

"మండుతున్నాయి."

"అయితే రండి. దారిలో ఎక్కడా ఆగకండి. అన్నం వేడిగా ఉంది."

"వస్తున్నా."

మిషను మళ్ళీ మొదలవుతుందేమోనని ఫోను చెవి దగ్గరే పెట్టుకున్నాడు. మొదలవలేదు. ఆవిడ కూడా ఫోను పెట్టేయకుండా అలాగే ఉందని కాసేపటికి అర్థమైంది. అప్పుడు తనే పెట్టేశాడు.

తెరలన్నీ నల్లగా ఉన్నాయి. వరసగా అన్నిట్లోనూ ఆయనే కనిపించాడు, భుజాలు వంగి, చొక్కా మీది గుండీ ఒకటి ఊడి. ఒక్కో మూతా దించుకుంటూ పోయాడు. చివరిదీ మూశాక కుడిచేతి పట్టీ విప్పి బల్లమీద పెట్టాడు. తర్వాత సంచి భుజాన వేసుకుని, లైటు ఆర్పి, మెట్టు చూసుకుని దిగి బస్సుల వైపు నడిచాడు.

కిటికీలోంచి వీధిదీపం వెలుగు బల్లమీద పడింది. ఒంట్లోని కరెంటు యంత్రాలకి తగలకుండా పని చేసినంతసేపూ ఆయన కుడిచేతికి వేసుకునే నల్లటి ఎలాస్టిక్ పట్టీ, బల్లకి బిగించిన సన్నటి తీగ చివర, ఒక మణికట్టు పట్టేంత మేర ఇంకా గుండ్రంగానే ఉంది.