నీలం రేకులు

మల్లికార్జునకు తెల్ల చొక్కాలు ఎక్కువ, బుర్ర తక్కువ. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. అయినా గోదాం బాగుచేసే కమిటీకి ఆయన్నే పెద్దను చేశారు. మీటింగులో ముందు కుర్చీలో కూర్చున్నవాణ్ణి లేపే ధైర్యం మావాళ్లకు ఏనాడూ లేదు.

నా పేరు చౌడేశ్వరి, అంగన్‌వాడీ టీచర్ని. ఇన్నేళ్లూ మా అంగన్‌వాడీ బస్టాపు పక్కన అద్దె రేకుల షెడ్డులో నడిచింది. మార్చి వస్తే చాలు, పిల్లలు అన్నం ముందు పెట్టుకుని తినలేక ఏడుస్తారు. పోయిన ఎండాకాలం దాదాబీ మనవరాలు సుహానాకు ముక్కులోంచి రక్తం కారింది. దాదాబీ నన్ను ఒక్క మాట అనలేదు. "ఇంకోసారి ఇట్లయితే పిల్లను పంపను టీచరమ్మా" అని ఎత్తుకుని పోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

అందుకే ఊరి చివరి శెనక్కాయల గోదాం అడిగాను. వానల్లేక కాయలే రాని ఊళ్లో గోదాం ఎవరికి కావాలి? రాతిగోడలు, పైన దూలాలు, వాటి మీద మూరెడు మందాన మన్ను పరిచిన మిద్దె. మిట్టమధ్యాహ్నం లోపలికి అడుగు పెడితే కడవలో నీళ్లంత చల్లగా ఉండేది. పొద్దున మా పిల్లలు, సాయంత్రం పదో తరగతివాళ్ల చదువులు, మధ్యలో ఆడవాళ్ల సంఘం మీటింగులు అనుకున్నాం. బెంగళూరు ట్రస్టు ఒకటి ఖర్చు పెట్టుకుంటానంది. కావలసింది నేల, తలుపులు, సున్నం, ఒక మరుగుదొడ్డి. అంతే.

నేను ట్రైనింగుకని అనంతపురం పోయి, వారం తర్వాత వచ్చేసరికి మిద్దె లేదు. దాని చోట నీలం రేకులు కళ్లు చెదిరేలా మెరుస్తున్నాయి. కింద మల్లికార్జున నడుం మీద చేతులు పెట్టుకుని, కోట గెలిచినవాడిలా నిలబడి ఉన్నాడు.

"ఏందన్నా ఇది? మిద్దె యాడ?"

"పీకేసినాం. మన్ను మిద్దె ఫోటోలో పాత కొంప మాదిరి పడతాండాది. ఇప్పుడు చూడు, కాలేజీ మాదిరి ఉండాది."

"రేకుల కింద పిల్లోల్లు మాడిపోతాండారనే కదన్నా గోదాం అడిగింది!"

"అవి ఉత్త రేకులు. ఇవి కలర్ రేకులు."

కలర్ రేకులట! నీలం రంగు చూసి సూర్యుడు జాలిపడి పక్కకు తప్పుకుంటాడు కాబోలు. ఈ మాటకు కమిటీ మొత్తం తలూపింది. అంతమంది తలలున్నాయి, లోపల ఏమున్నా లేకున్నా.

"మరి ఆ మన్ను, దూలాలు ఏం చేసినారు?"

"పుచ్చిపోయినాయి. పారేసినాం లే" అన్నాడు, నా మొహం చూడకుండా.

ఏప్రిల్‌లో ప్రారంభోత్సవం పెట్టారు. రిబ్బను కత్తిరించిన పెద్దమనిషి లోపలికి పోయి, ఫోటో దిగి, మెడ తుడుచుకుంటూ బయటికి వచ్చేశాడు. బయట షామియానా వేసి, కూలరు కూడా పెట్టారు. పిల్లల్ని మాత్రం వీడియో కోసం లోపలే కూర్చోబెట్టమన్నారు. నేను కుదరదన్నాను. "ఒక్క పది నిమిషాలు, ఊరి పరువు" అన్నారు. పెద్దమనుషుల పది నిమిషాలు ఎప్పుడు అయిపోతాయి? మల్లికార్జున మైకు పట్టుకుని, ఈ పిల్లలే మన ఊరి వెలుగు అంటున్నాడు. అప్పుడే లోపల సుహానా కొత్త గౌను మీద రక్తం బొట్లు బొట్లుగా పడింది.

పిల్లను ఎత్తుకుని బయటి గోడ నీడకు పరిగెత్తాను. మా ఆయా లక్ష్మక్క తడిగుడ్డ తెచ్చి పిల్ల నెత్తిన వేసింది. వేస్తూ వేస్తూ పళ్లు కొరికింది.

"పారేసినామన్నాడా నీతో? ట్రాక్టర్లో తోలుకోని పాయ. ఆ దూలాలు, ఆ మన్ను అంతా మల్లికార్జున ఆవుల కొట్టం మిందుండాది. జెర్సీ ఆవులంట, ఎండకు తట్టుకోవంట. ఊర్లో అందరికీ తెలుసు, నీకే ఎవురూ చెప్పలా."

అప్పటిదాకా అతనికి బుర్ర తక్కువనే అనుకున్నాను. కాదు. మన్ను కింద చల్లగా ఉంటుందని ఊళ్లో అందరికంటే అతనికే బాగా తెలుసు. మూర్ఖుడైతే క్షమించేదాన్నేమో.

మర్నాడు పొద్దున్నే దాదాబీ ఇంటికి పోయాను. ఆమె తలుపుకు అడ్డంగా నిలబడింది. "రేకుల కిందికి కాదు పెద్దమ్మా. చల్లగా లేకుంటే నువ్వే వెనక్కి తీసుకోని పో" అన్నాను. నమ్మలేదు. పిల్ల చెయ్యి పట్టుకుని తనే వెంట వచ్చింది.

పిల్లలందరినీ మల్లికార్జున కొట్టానికి తీసుకుపోయాం. లక్ష్మక్క ఒక మూల ఊడ్చి చాపలు పరిచింది. తలెత్తి చూస్తే మా దూలాలే, శెనక్కాయల బస్తాలు రాసుకుని నునుపెక్కినవి. పుచ్చు లేదు, పురుగు లేదు. ఆవులు చల్లగా నెమరేసుకుంటున్నాయి. పిల్లలు కూర్చుంటే అవి ఏమీ అనలేదు.

మల్లికార్జున బనీను మీదే పరిగెత్తుకొచ్చాడు.

"ఏంది టీచరమ్మా ఇది? పేడలో కూర్చోబెడతావా పిల్లోల్లను? ఎవురైనా చూస్తే ఏమనుకుంటారు?"

"మా మిద్దె కింద మేం కూర్చున్నాం. నీ ఆవుల్ని కలర్ రేకుల కిందికి తోలుకోని పో. కాలేజీ మాదిరి ఉండాది."

ఇరుగుపొరుగు గోడల మీదనుంచి తొంగిచూస్తున్నారు. అతను ఒకసారి గోదాం వైపు చూశాడు, ఒకసారి ఆవుల వైపు చూశాడు. పలుపు విప్పడానికి మాత్రం చెయ్యి రాలేదు.

దాదాబీ పైకి చూసి, కిందికి చూసి, కొంగు పరుచుకుని మనవరాలి పక్కన కూర్చుంది. సుహానా అప్పటికే నిద్రపోయింది.